టీవీల నా మోచెయ్యి

సోమవారం తెల్లారకముందే వాకిట్ల చెప్పులు.
మనుషులకంటె ముందు నేను చెప్పులు జూస్త.
మొరం అంటినయి గుట్టకింది ఊర్లవి, పింఛన్ ఆగినోళ్లయి.
పాలిష్ కొట్టినయి బదిలీ అడిగే పంతుళ్లవి.
ఒకదిక్కే అరిగిన జత ఉన్నదంటె
ఫ్లోరైడు నీళ్లు కాలు వంచిన ముసలాయన వచ్చినట్టే.

నా బలమంతా లెటర్ ప్యాడు.
సైదులు కట్టలు కట్టలు అచ్చేయిస్తడు.
తిరుపతి దర్శనానికో కాగితం,
నిమ్స్‌ల మంచానికో కాగితం,
హాస్టల్ సీటుకో కాగితం.
పచ్చసిరా సంతకం. ఈ మెట్టభూమిల
నాకు పండేది ఆ ఒక్క పచ్చదనమే.
ఎన్ని పనయినయో తిరుపతి ఎంకన్నకే ఎరుక.

మంగళవారం హైదరాబాద్.
సభల నాది ఆఖరు వరుస, కంబం పక్కన.
ఏసీ గాలి సక్కగ మెడమీదనే కొడ్తది,
అందుకే మఫ్లర్.
"ఏం మల్సూరన్నా, స్టైలా?" అంటరు ముందు బెంచోళ్లు.
జేబుల నాలుగు మడతల కాగితం:
మొరంగడ్డ వాగు మీద వంతెన.
మూడేండ్ల కిందటి కాగితమే.
మడతలకాడ చినిగితె సైదులు టేపంటించిండు.

బుధవారం బిల్లు. కదలొద్దన్నడు విప్.
"అవును" అన్న అన్ని గొంతులల్ల నాదొకటి.
నాది తీసేస్తె సప్పుడు తగ్గుతదా అని
ఒక్కసారి పెదవులు మాత్రం కదిపిన.
తగ్గలే.

గురువారం సభకు సెలవు. శ్రావణం గదా,
మూడు లగ్గాలు, నడుమ ఒక దశదినకర్మ,
పొద్దుమూకి వాటర్ ట్యాంకుకు రిబ్బను.
ఆ తొందరల, కర్మకాడ
అక్షింతలకని చెయ్యి జాపిన.
గన్‌మన్ యాదగిరి మెల్లగ మోచెయ్యి పట్టి దించిండు.
ఎవ్వలు నవ్వలే.
సచ్చిపోయినాయన నాకెన్నడు ఓటెయ్యలే.
దండేసిన ఫొటోలకెల్లి గట్లనే జూసిండు.

శుక్రవారం జీరో అవర్.
నా పేరు పిలిచేసరికి సగం కుర్చీలు క్యాంటీనుకు పోయినయి.
నా ముంగట ఎర్రలైటు వెలిగింది.
"అధ్యక్షా" అన్న.
మా ఏఎన్ఎం ఎలిశమ్మ సంగతి చెప్దామనుకున్న,
టీకాల డబ్బ నెత్తిన వెట్టుకొని వాగు దాటుతది,
తను నడుముదాక తడిసినా
చంటిపిల్లల మందు సల్లగుండాలంటది.
అదంతా గొంతుల రేషన్ లైను లెక్క నిలవడి ఉన్నది.
"అధ్యక్షా, మా నియోజకవర్గంల" అన్న.
గంట.
లైటు ఆరింది.
మైకు లేకుంటనే ఇంకో రెండు ముక్కలు మాట్లాడిన,
పక్క సీటాయనకు వినవడ్డయి.
పాపం, ఆయనే తలూపిండు.
ఆయనకు సుత ఒక వాగున్నదట.

శనివారం ఎవరో బత్తాయిలు తెచ్చి గుమ్మరిచ్చిన్రు,
ధర పడిపోయిందని జెప్పనీకి.
వాళ్లు పోయినంక ఒకటి ఒలుసుకొని తిన్న.
తియ్యగున్నది.
సిగ్గయింది.

ఆదివారం మొరంగడ్డకు పోయిన.
ఇవతల కారు ఆపి, లాగు మడిచి,
చెప్పులు చేతుల వట్టుకొని దిగిన.
అవతలిగడ్డకు బక్కమ్మ పెసరకాయ ఎండబోస్తున్నది.
"నిన్ను టీవీల జూసిన బిడ్డా!"
గుండె గుబుక్కుమన్నది.
"ఏమన్న నేను?"
"నువ్వేమంటవ్? మంత్రి మాట్లాడవట్టె.
ఆయనెన్క, శాన దూరంల, కంబం సాటున
ఒక మోచెయ్యి, మఫ్లర్ కొస.
మనోడే అన్న.
వాడకట్టోళ్లందర్ని పిలిచి సూపెట్టిన."
పెసర్లు ఇంత కొంగుల కట్టి ఇచ్చింది.
వంతెన మాట ఆమె ఎత్తలే,
నేనెత్తలే.

తిరిగొచ్చేటప్పటికి మీద యాడనో వాన గొట్టినట్టున్నది,
నీళ్లు తొడలు దాటినయి.
జేబుల కాగితం యాదికొచ్చి
తీసి, చెయ్యి మీదికి లేపి పట్టుకున్న.
అవతలి ఒడ్డున యాదగిరి జూసి
నేను పిలుస్తున్ననుకొని
బూట్లతోనే నీళ్లల్లకు దిగిండు.